డ్యూటీ డబ్బా

మూడో చిల్లు పడితే డ్రైవర్ పర్వతాలు పని అయిపోయినట్టే.

రెజిమెంటల్ బజార్‌లోని ఆ సందులో సరుకు దించే బళ్ళకు వ్యాపారుల కమిటీ ఒక పాస్ ఇస్తుంది. తప్పు దొరికినప్పుడల్లా ఆ అట్టముక్కకు ఒక చిల్లు పొడుస్తారు. మూడు చిల్లులైతే పాస్ రద్దు. సందులోకి బండి రాకూడదు, బండి రాని డ్రైవర్‌ని ఏ కొట్టువాడూ పిలవడు. పర్వతాలు ట్రాలీ ఆటో అద్దానికి వేలాడే పాస్‌కి ఇప్పటికే రెండు చిల్లులున్నాయి.

రూలు ఒక్కటే. పసుపు గీతల మధ్య బండి నిలపాలంటే దాని సరుకు ఎక్కుతూనో దిగుతూనో ఉండాలి. పని ఆగితే అది పార్కింగ్.

ఈ రూలుకు డ్రైవర్లు కనిపెట్టిన విరుగుడు పేరు డ్యూటీ డబ్బా. టేపు చుట్టిన ఖాళీ అట్టపెట్టె. ప్రతి ట్రాలీలోనూ ఒకటుంటుంది. హమాలీలు చాయ్‌కి పోతే డ్రైవర్ దాన్ని మోసుకుంటూ కొట్లోకి వెళ్తాడు, కాసేపాగి వాపస్ మాల్ అంటూ బయటికి తెస్తాడు. మోసేటప్పుడు మూలగడం తప్పనిసరి. మూలుగులో పర్వతాలుకు ఆ సందులో పోటీ లేదు.

ఇవాళ అతని ట్రాలీలో కామేశ్వరమ్మ టిఫిన్ సెంటర్‌కి వచ్చిన హోటల్ గ్రైండర్ ఉంది. నలుగురు పట్టందే లేవదు. హమాలీ ఓంప్రకాశ్ తన మనుషుల్ని వెంటేసుకుని, రెండు నిమిషాలని చెప్పి వెళ్ళి అరగంటయింది. పర్వతాలు డబ్బాతో ఐదోసారి లోపలికి నడిచాడు.

“ఏవయ్యా, ఆ పెట్టె ఎన్నిసార్లు తెస్తావు?” అంది గల్లా దగ్గర కూర్చున్న కామేశ్వరమ్మ. భీమవరం నుంచి వచ్చి మూడు నెలలే అయింది, ఇక్కడి తంతు ఆవిడకు ఇంకా ఎక్కలేదు. “నాకు కావలసింది గ్రైండరు. నానబోసిన పప్పుకి మొలకలొచ్చేలా ఉన్నాయి.”

“జెర ఆగమ్మా. రూల్ నడుస్తున్నది.”

బయటికొచ్చేసరికి ట్రాలీ పక్కన నోవహు నిలబడి ఉన్నాడు. కమిటీ కొత్త సూపర్‌వైజర్. చిల్లులు పొడిచే మిషన్‌ని నడుముకు పిస్తోలులా వేలాడదీస్తాడు.

“ఏందన్నా, గీ డబ్బా లోపలికి పోతది, మళ్ళ బయటికొస్తది. అత్తతోని లొల్లి పెట్టుకున్న కోడలా ఏంది?”

“వాపస్ మాల్ సార్.”

“ఐదుసార్లు వాపసా? దించు.”

పర్వతాలు మూలుగుతూ దించాడు. నోవహు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి, తాళంచెవితో టేపు కోశాడు.

“మస్తు బరువున్నదే గాలి,” అంటూ మిషన్ తీశాడు.

పక్క కొట్లోంచి జగదాంబ లేచింది. వాడేసిన అట్టపెట్టెలు కొని అమ్మడం ఆమె వ్యాపారం. “ఓ సారూ, అది నా మాల్. ఖాళీ డబ్బాలమ్ముకొనే నేను బతికేది. నిండు డబ్బా తెస్తే నేనేం జేస్కోవాలె?” అని పెట్టెను లాక్కుని, ఒక్క తన్నుతో చదును చేసి దొంతరలో పడేసింది.

నోవహు ఆమె కొట్లోకి చూశాడు. కప్పు దాకా ఖాళీ పెట్టెలే. కాదనడానికి లేదు.

“సరే, గా సరుకు దిగింది. ఇగ గ్రైండర్ దిగాలె. పది లెక్కపెడ్త. ఒకటి.”

పర్వతాలు గ్రైండర్‌ను కావలించుకున్నాడు. ఈసారి మూలుగు అసలుది. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“రెండు.”

అంకెకూ అంకెకూ మధ్య ఒక కిళ్ళీ నమలొచ్చు. మంచోడే, టైమిస్తున్నాడు అనుకున్నాడు పర్వతాలు. వెనక నాలుగు ట్రాలీలు నిలిచి ఉన్నాయి. నలుగురు డ్రైవర్లూ ఎవరి డబ్బా వాళ్ళు మోస్తూ మొహాలు తిప్పుకున్నారు.

“రాఘవేందరన్నా, మొన్న నీకు జ్వరమొస్తే నీ డబ్బా మోసిందెవరే?” అని వాళ్ళలో ఒకణ్ణి కేకేశాడు పర్వతాలు.

రాఘవేందర్ తిట్టుకుంటూ డబ్బా కింద పెట్టాడు. అతన్ని చూసి మిగతా ముగ్గురూ పెట్టారు. ఐదుగురూ గ్రైండర్ మీద పడ్డారు.

“దీంట్ల కొండ పెట్టిన్రా ఏందిరా?” అన్నాడు రాఘవేందర్.

ఎనిమిదికి గ్రైండర్ లేచింది. తొమ్మిదికి గడప దాటింది. పది వినబడేసరికి కామేశ్వరమ్మ దానికి పసుపు రాసేస్తోంది.

పర్వతాలు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పాస్‌కి రెండే చిల్లులు.

అప్పుడు వినబడింది. టక్.

నోవహు రాఘవేందర్ ట్రాలీ దగ్గరున్నాడు. అక్కణ్ణుంచి రెండో ట్రాలీకి నడిచాడు. టక్.

“సార్, మేం సాయం జేస్తున్నం గద,” అన్నాడు రాఘవేందర్.

“మంచిపని జేసిన్రు. గానీ మీ బండ్లల్ల పని ఆగింది. నెల సంది చూస్తున్న, నలుగురూ ఒక్కపాలి డబ్బాలు కింద పెడ్తరేమోనని.” టక్.

“బాధపడకండయ్యా,” అంది కామేశ్వరమ్మ గుమ్మంలోంచి. “రేపు నలుగురికీ అట్లు పోసిపెడతాను.”

“వద్దమ్మా. దాంట్ల సుత చిల్లులే ఉంటయ్,” అన్నాడు రాఘవేందర్.

నాలుగో టక్. నోవహు ఇటు తిరిగాడు. పర్వతాలు తన ట్రాలీ వైపు చూసుకున్నాడు. గ్రైండర్ లేదు, డబ్బా లేదు. పసుపు గీతల మధ్య, ఊడ్చినట్టున్న బండి.

సీట్లోకి ఎలా దూకాడో అతనికే తెలియదు. సందు మలుపులో ఓంప్రకాశ్ మూతి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

“రెండు నిమిషాలన్న గదన్నా, యాడికి?”

“రాఘవేందరన్న దగ్గరికి పో,” అన్నాడు పర్వతాలు బండి ఆపకుండా. “నీ కోసమే చూస్తున్నరు.”