మొదటి పొరుగు

వెళ్ళొద్దని పెట్రా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మీ అన్న పోయాడు, సరే. ఆయన మంచం మీద పోయాడు. నువ్వక్కడికెళ్తే మంచం మీద పోవు. నడిరోడ్డు మీద పోతావు. మొహాన పేపరు కప్పుతారు. నేను నల్లబట్టలు కుట్టించుకుని కూర్చోవాలి. అంతేగా?"

"నల్లబట్టలు నీకు బాగానే ఉంటాయిలే" అన్నాడు ఎవుసెబి.

ఆమె చేతిలో ఉన్న గుడ్డ తీసి అతని మొహాన కొట్టింది. కొట్టి, వంటగదిలోకి పోయి, దారిలో తినడానికి రొట్టెలో అట్టు పెట్టి కట్టిచ్చింది. పెట్రా సారగోసా మనిషి. బాస్కు కొండల గురించి ఆమెకి తెలిసిందల్లా టీవీ వార్తల్లో చూపించే కాలిన కార్లు. మొగుడికి తెలిసింది అంతకంటే ఎక్కువ, అందుకే అతని భయం కూడా ఎక్కువే. అయినా బయలుదేరాడు.

అతని సంగతి ఇది. అల్త్సగరై ఊళ్ళోనూ, చుట్టూ కొండల మీదున్న పల్లె ఇళ్ళకీ వ్యానులో రొట్టెలు వేసేవాడు. రైతుల ఇళ్ళకి వేసేవాడు, ఫాదరు ఇంటికి వేసేవాడు, పోలీసు బారక్కులకీ వేసేవాడు. రొట్టెకి కడుపే తప్ప పార్టీ ఉండదని అతని నమ్మకం. తప్పు నమ్మకం. ఆ నేల మీద రొట్టెకీ పార్టీ ఉంది, వానకీ పార్టీ ఉంది. ఒకనాటి పొద్దున వ్యాను తలుపు మీద తుపాకీ గురి గుండ్రం, దాని కింద 'ఇన్ఫార్మర్' అని ఎర్రరంగు అక్షరాలు. అంతకు ముందు నెలలోనే, బాస్కు దేశం వేరు కావాలని తుపాకీ పట్టిన ముసుగుల కుర్రాళ్ళతో తిరుగుతోందని ఇత్సూరి ఇంటి పిల్ల ఇసాస్కున్‌ని పోలీసులు పట్టుకుపోయారు. ఊరు రెండూ రెండూ కలిపి అయిదు చేసుకుంది. నువ్వు చేశావా అని ఒక్కడూ అడగలేదు. "ఏదో చేసే ఉంటాడు" అన్నారు. ఎవణ్ణి కాల్చినా ఆ ఊళ్ళో అదే మాట, ఎవణ్ణి తరిమినా అదే మాట. ఆ మాటతో చచ్చినంతమంది తూటాలతో చావలేదు. ఎవుసెబి సారగోసా పారిపోయి, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు.

ఇప్పుడు అన్న ప్రుదెన్సి పోయాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. తాతల నాటి ఉర్కిసార్ ఇంటికి ఇక ఎవుసెబి ఒక్కడే మిగిలాడు. బస్సులో కూర్చుని అతను ఆలోచించింది చావు గురించి కాదు. అక్కడ ఉండిపోవచ్చా అని. దానికి లెక్క ఒక్కటే. మొదటి పొరుగు వస్తాడా, రాడా.

ఆ కొండల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక కట్టుబాటు. చర్చి వైపు మొదట వచ్చే ఇల్లు మొదటి పొరుగు. ఈ ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటివాడే వచ్చి దీపం వెలిగించాలి. వాడే పోయి తేనెపట్టుల్ని తట్టి, మీ యజమాని పోయాడని తేనెటీగలకి చెప్పాలి. వాడే మైనపువత్తి పట్టుకుని శవపెట్టె ముందు నడవాలి. వాడు నడవకపోతే శవం గడప దాటదు. అన్నదమ్ములు కోర్టుకెక్కినా, పొరుగువాడు పొలం గట్టు నరికినా, ఇది తప్పకూడదు. ఉర్కిసార్‌కి మొదటి పొరుగు ఇత్సూరి. ఇత్సూరి యజమాని బాలెంటిన్, ఇసాస్కున్ తండ్రి, ఎవుసెబికి చెడ్డీలు వేసుకున్ననాటి నేస్తం.

తొలోసాలో బస్సు మారాడు. చిన్న బస్సు, సంతనుంచి తిరిగొచ్చే ఆడవాళ్ళతో నిండిపోయింది. అందరూ అతన్ని చూశారు, ఎవరూ చూడలేదు. ఆఖర్న ఎక్కిన మనిషి మాత్రం బుట్ట చంకన పెట్టుకుని సరాసరి వచ్చి అతని పక్కన కూలబడింది. జోషెపా. బాలెంటిన్ పెళ్ళాం.

"ఏం రొట్టెలోడా, ముసలోడివైపోయావు" అంది, ముందుకే చూస్తూ.

"నువ్వేమైనా తక్కువా వదినా?"

"నన్ననకు. నేను ఏడ్చి ముసలిదాన్నయ్యా. నువ్వు తిని అయ్యావు, పొట్ట చూడు."

ఎవుసెబికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అడగలేక అడిగాడు. "బాలెంటిన్..."

"రాత్రే దీపం పెట్టాడు. తేనెటీగలకి చెప్పాడు. మీ ఆవులు రెంటినీ తోలుకొచ్చి మా కొట్టంలో కట్టాడు. రేపు ముందు నడుస్తాడు. ఇంకేం కావాలి నీకు?"

"అంతకంటే ఏం కావాలి!"

"పిల్ల విషయం నా దగ్గర ఎత్తకు, అంతే" అని బుట్టలోంచి ఊలు తీసి అల్లడం మొదలుపెట్టింది. జైల్లో ఉన్న కూతురికి చొక్కా. దేశానికి ఆ చివర, సముద్రం ఒడ్డున ఉన్న జైలు. ఎవుసెబి ఊలుండ జారిపోకుండా పట్టుకున్నాడు. కొండ మలుపులు వస్తున్నకొద్దీ అతని భయం తగ్గిపోయింది.

అప్పుడే బస్సు ఆగింది. రోడ్డుకి అడ్డంగా మేకుల పట్టా, రెండు పోలీసు జీపులు, తుపాకులు. అందర్నీ దించారు. సన్నటి వాన పడుతోంది. బస్సుకి చేతులు ఆనించి నిలబడమన్నారు. అరవై ఏళ్ళ ఆడవాళ్ళని కూడా! ఆ తుపాకుల వాళ్ళకి కొండమీద పుట్టిన ప్రతి ముసలమ్మా నేరస్తురాలే. ముసుగుల కుర్రాళ్ళకేమో తమతో గొంతు కలపని ప్రతివాడూ ద్రోహే. మధ్యలో జనం వానలో తడుస్తారు, రెండు వైపులా దేశం పేరు చెప్పే నడిపిస్తున్నారు ఈ కథ.

ఒకడు జోషెపా బుట్ట బురదలో బోర్లించి, ఊలుండని బూటుతో దొర్లించి చూశాడు. ఎవుసెబి ఆమె పక్కనే రేకు మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. వెనకనుంచి భుజమ్మీద చెయ్యి పడింది.

"ఎవుసెబియో! రొట్టెల ఎవుసెబియో కాదూ?" అతని పేరు స్పానిషు యాసలో పలికింది లావుపాటి సార్జెంటు, మీసాలు నెరిశాయి. "ఒరే, ఈయన్ని వదిలేయండి, మనవాడే. తడుస్తున్నారేంటండీ, లోపల కూర్చోండి. మీ రొట్టె తిని ఎన్నాళ్ళయిందో!"

అందరితోబాటే నిలబడతానని అనాలి. నోరు తెరిచాడు కూడా. కానీ అది ఏళ్ళ తరబడి బేరాలు చేసిన నోరు. గడప గడపకీ నవ్వి నమస్కారం పెట్టిన నోరు. దానంతటది ఊడిపడింది మాట: "చాలా సంతోషం సార్జెంటుగారూ, మీ దయ."

బస్సెక్కి కూర్చున్నాడు. పొడిగా. కిటికీలోంచి చూస్తే జోషెపా చెంప తడిసిన రేకుకి ఆని ఉంది, కళ్ళు అతని మీదే ఉన్నాయి. మళ్ళీ బస్సెక్కాక ఆమె వెనక సీట్లోకి పోయింది. బురదైన ఊలుని ఎవరో ఆడమనిషి తుడిచి ఇచ్చింది.

మర్నాడు పొద్దున ఉర్కిసార్ నడవలో పెట్టె సిద్ధంగా ఉంది. మోసేవాళ్ళు నలుగురూ బయట చూరు కింద సిగరెట్లు కాలుస్తున్నారు. బాలెంటిన్ రాలేదు. శవపెట్టెలమ్మే మనిషి విసుక్కుంటున్నాడు.

"ఫాదరు ఎదురుచూస్తున్నారండీ. నా వ్యానులో పెట్టి తారురోడ్డు మీద లాగించేద్దాం. చిటికెలో పని."

"మా ఇంటి శవం రోడ్డు మీద పోదు" అన్నాడు ఎవుసెబి. "ఇత్సూరి చేలోంచి శవదారిలో పోవాలి."

"ఆగవయ్యా పట్నపోడా" అన్నాడు మోసేవాళ్ళలో పెద్దవాడు షల్బదోర్, పెట్టెలమ్మేవాడితో. "ప్రుదెన్సి బతికుండగా దేనికీ తొందరపడిన మనిషి కాడు. గడ్డి కోతకి అందరికంటే ఆఖరు. ఇప్పుడు మాత్రం ఏం తొందర!"

ముగ్గురు నవ్వారు. ఎవుసెబి కూడా నవ్వబోయాడు గానీ ఎవరూ అతని వైపు చూడలేదు. నిన్నటి బస్సు సంగతి ఇంటింటికీ వెళ్ళింది. రొట్టెలు కూడా అంత త్వరగా ఎప్పుడూ వెళ్ళలేదు.

చివరికి బాలెంటిన్ వచ్చాడు. నల్లకోటు, చేతిలో మైనపువత్తి. పెట్టె దగ్గర శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎవుసెబి రెండడుగులు ముందుకేశాడు.

"వచ్చావురా..."

"మీరు వెనక నడవండి" అన్నాడు బాలెంటిన్.

మీరు! వాళ్ళ బాస్కు భాషలో నేస్తాల మధ్య ప్రతి క్రియకీ చివర ఒక 'రా' అతుక్కుని ఉంటుంది. తిన్నానురా, పడిందిరా, చచ్చాడురా. వీళ్ళిద్దరి మధ్యా మాటలొచ్చిన నాటినుంచి ఆ 'రా' ఊడలేదు. ఒకే పిల్ల కోసం ముక్కులు పగలగొట్టుకున్న రోజున కూడా ఊడలేదు. మోసేవాళ్ళు నలుగురూ విన్నారు, సిగరెట్లు నలిపేసి నేల చూశారు.

బాలెంటిన్ ముందు నడిచాడు. వానకి వత్తి ఆరిపోతే ఆగి, టోపీ అడ్డుపెట్టి మళ్ళీ వెలిగించాడు. ఒక్క ఆచారం తప్పలేదు. చచ్చినవాడికి జరగవలసిందంతా జరిగింది.

పూడ్చాక శ్మశానం గేటు దగ్గర ఎవుసెబి అతన్ని ఆపాడు.

"ఒరేయ్, నన్ను తిట్టు. కొట్టు. మీరు అనకు."

"తిట్టేంత చనువు మనకి లేదండి."

"ఇసాస్కున్ సంగతి నేను చెప్పలేదురా. మా అన్న మట్టి మీద ఒట్టు."

"మీరు చెప్పలేదని నాకు తెలుసు" అన్నాడు బాలెంటిన్.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. మీకు చాడీ చెప్పడం చేతకాదు, చెప్పి దాచడమూ చేతకాదు."

"తెలిసి కూడానా!"

"తెలిసి ఏం చెయ్యను? నెలనెలా పిల్లని చూడ్డానికి బస్సు వేసేది ఆ ముసుగులవాళ్ళ మనుషులు. ఒక రోజు పోను, ఒక రోజు రాను. అద్దాల వెనక కాసేపు కనిపిస్తుంది, ఆ కాసేపటి కోసమే. ఆ బస్సులో మాకు సీటుండాలి. పోలీసులు మీకు సీటిచ్చారు, నిన్న ఊరంతా చూసింది. మాకు వాళ్ళు ఇస్తున్నారు. ఇద్దరం ఒకేచోట కూర్చోలేమండి."

"నేను ఉర్కిసార్‌లో ఉందామనుకున్నా. ఉండి, అక్కడే..."

"ఉండండి. ఇల్లు మీది. చేను నాది. రేపు ఆ దారి తీసేస్తున్నా."

"శవదారా? మీ తాతా మా తాతా కలిసి వేసింది!"

"తీసేయమన్నారు" అన్నాడు బాలెంటిన్, ఎవరో చెప్పకుండా. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ట్రాక్టరు చప్పుడుకి ఎవుసెబి చేను గట్టు దాకా నడిచాడు. బస్సుకింకా టైముంది, సంచి భుజాన ఉంది. నాగలి శవదారికి అడ్డంగా వచ్చి, దారిలో పరిచిన నాపరాయికి తగిలి ఆగింది. బాలెంటిన్ దిగి గడ్డపారతో రాయి లేపబోయాడు. లేవలేదు. ఇద్దరు మనుషులు వేసిన రాయి, ఒక్కడికి లేవదు. మళ్ళీ పొడిచాడు. గడ్డపార జారి మోకాలికి తగిలింది. మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ముసలివాడు, ఏడుస్తున్నాడు కూడా.

ఊళ్ళోవాళ్ళు కొందరు రోడ్డు మీద ఆగి చూస్తున్నారు. ఒక్కడూ దిగి రాలేదు.

ఎవుసెబి సంచి గట్టు మీద పెట్టాడు. చేలోకి దిగి రాయి అంచు కిందకి వేళ్ళు దూర్చాడు.

"ఇంకాస్త అటు పట్టుకోండి" అన్నాడు బాలెంటిన్.

పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు. రాయి లేచింది. దాని కింద తడి మట్టిలో తెల్లటి గడ్డివేళ్ళు, వానపాములు. రాయిని గట్టు పక్కకి దొర్లించి, రెండో దాని దగ్గరకి నడిచారు.