గాలిని కొలిచిన పేపరు

నరసన్నపేట దగ్గర హైవే మీద పెట్రోలు బంకు దాటగానే కనబడే పసుపు వ్యాను నాదే. పొల్యూషన్ చెకింగ్. పన్నెండేళ్లుగా అక్కడే కూర్చుని వచ్చే పోయే బళ్ల పొగ మింగుతున్నాను. లారీవాళ్లు దిగనైనా దిగరు. కిటికీలోంచి చెయ్యి చాపుతారు, పేపరు ఆ చేతిలో పెట్టాలి. అంత మర్యాద నాకు.

మా బావ తిరుమలరావు మాత్రం ఆ రోజు కారు ఆపి, దిగి వచ్చాడు. ఊళ్లో ఎరువుల కొట్టు ఆయనది. మా అక్క తాయారు పోయిన ఈ పద్నాలుగు నెలల్లో ఆయన నా వ్యాను దగ్గరికి రావడం అదే మొదలు.

"ఒరే నరసింగా, దీనికి పొల్యూషన్ పేపరు కావాల్రా. పాతది డేటైపోయినాది."

"ఇంతోటి దానికి నువ్వు రావాలేటి బావా? ఫోన్ల ఓ మాట సెప్తే తీసి ఉంచుదును కదా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. బండి చూడకుండానే పేపరు ఇస్తానని నా నోటితో నేనే చెప్పుకున్నాను. బావ చేతిలో ఉన్న కవరు నాకిచ్చి, వ్యాను నీడలో ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

కవరులో కార్ల కంపెనీ రాసిన ఉత్తరం ఉంది. ఇంగ్లీషు. బావ కూతురు శ్రావణి ముఖ్యమైన చోట్ల పక్కనే తెలుగులో పెన్సిలుతో రాసిపెట్టింది. ఆ రకం డీజిలు కార్ల కంప్యూటర్లో ఏదో ఉందట. కారుని ఎవరైనా పరీక్ష చేస్తున్నారంటే దానికి తెలిసిపోతుందట. అప్పుడు పొగ తగ్గించేస్తుంది. పరీక్ష అయిపోయాక మామూలే, కాగితం మీద ఉన్నదానికి ఎన్నో రెట్లు వదులుతుంది. ఇందుకు కంపెనీ చింతిస్తోంది. కావాలంటే కారు వెనక్కి తీసుకుని మంచి ధర ఇస్తుంది. నెలాఖరు గడువు. బండితో పాటు పొల్యూషన్ పేపరు ఇవ్వాలి. ఈ కారు విషయంలో కంపెనీ మీద ఇప్పుడు గానీ ఇకముందు గానీ తనకి ఏ ఫిర్యాదూ లేదని యజమాని సంతకం పెట్టాలి.

నాకు ఒళ్లు మండిపోయింది.

"దొంగ సచ్చినోళ్లు! పొగొస్తాదని ఆళ్లే రాసి, పొగ రాదని మళ్లీ నా దగ్గర పేపరు తెమ్మంటారా? జనాల్ని ఇంత మోసం సేసి సింతిస్తన్నారట, సింత! కారు ఆళ్లకిచ్చీ బావా, ఈ దరిద్రాన్ని ఒగ్గించుకో. ఈ రేటు నీకింకెవుడిస్తాడు?"

"శ్రావణీ అదే అంటన్నాది. ఈ కారు కళ్లబడితే దానికి అన్నం సయించదు."

"మరింకేటి?"

బావ కారు ముందు భాగం వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. బానెట్ అంచున రబ్బరు ఒకచోట నలిగి తెగిపోయి ఉంది. అక్కడ ఏమైందో నాకు తెలుసు. నా కోపమంతా ఒక్కసారి చల్లారిపోయింది.

అక్కకి ఊపిరితిత్తుల జబ్బు. చివరి ఏడాది ఆక్సిజన్ మిషను పెట్టుకుంటే గానీ గాలి ఆడేది కాదు. ఆ మిషనుకి కరెంటు కావాలి. తిత్లీ తుఫాను వచ్చి స్తంభాలన్నీ పడుకున్నాక కరెంటు ఎక్కడిది? మా వీధికి పదకొండో రోజుకి గానీ రాలేదు. అక్కేమో ఆసుపత్రికి రానంటే రానంది. "పోతే నా మంచం మీదే పోతాను, నన్ను కదపకండి" అని చేతులు జోడించింది. అప్పుడు కొట్టులో ఉన్న ఇన్వర్టరు తెచ్చి కారు బ్యాటరీకి తగిలించాం. పగలూ రాత్రీ ఇంజను ఆడాలి. బానెట్ సందులోంచి రబ్బరు నలిగేలా లాగిన వైరు పొట్టిది. కారుని తెచ్చి సరిగ్గా అక్క గది కిటికీ కింద పెడితే గానీ అందలేదు. ఫ్యాను లేదు కాబట్టి కిటికీ మూయడానికీ లేదు.

కారుని కిటికీ కిందకి తెస్తూ బావ ఆగి, నన్ను అడిగాడు. "పొగ లోపలికి పోదేట్రా?"

"ఏటి పోతాది బావా? ఇనాయక సవితి ముందు నా సేతుల్తో కొలిసి పేపరిచ్చేను కదా. పొగే లేదు దీన్ల."

ఆ మాట అన్నది నేను. మూడో నాటికి బజార్లో కొట్లు తెరిచారు. పొడుగు వైరు కొని తెచ్చుకుంటే కారు వీధిలో పెట్టొచ్చు. పొగే లేనప్పుడు వైరెందుకని ఇద్దరమూ ఊరుకున్నాం. అక్క తొమ్మిది రోజులు బతికింది. తొమ్మిదో నాడు తెల్లవారుతూనే, కారు ఇంజను ఇంకా ఆడుతుండగానే పోయింది.

"అప్పుడు నువ్వు కొలిసేవు కదా," అన్నాడు బావ, నా వైపు చూడకుండా. "నీ మిషన్ల ఏటొచ్చిందో సెప్పు. నిజంగా పొగ లేదంటే, ఈ కారు మీ అప్ప తాయారుని తొమ్మిది రోజులు బతికించినట్టు. అలాటిదాన్ని అమ్ముకోను. పొగుందంటే మరి దీన్ని కిటికీ కింద పెట్టినోణ్ని నానే కదరా."

"ముందు కారు కొలుద్దాం బావా" అని లేచాను.

ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి ఇంజను ఆన్ చేయమన్నాను. పొగ కొలిచే గొట్టం దుమ్ము దులిపి సైలెన్సర్లో పెట్టాను. యాక్సిలరేటర్ ఆఖరిదాకా తొక్కి వదలమన్నాను. మళ్లీ తొక్కమన్నాను. నాలుగుసార్లు. కంప్యూటర్ మీద అంకె వచ్చింది. హద్దులో పదో వంతు కూడా లేదు. చవితి ముందు ఇచ్చిన పేపరు మీద ఉన్న అంకె కూడా దాదాపు అదే.

అక్కడ నిలబడి నేను ఆలోచించిన నీచపు ఆలోచన దాచుకోను. కంపెనీ పుణ్యమా అని నేను బయటపడ్డాను అనుకున్నాను. ఆ రోజు నిజంగా కొలిచినా ఇదే వచ్చేది. కారే అబద్ధమాడితే నేనేం చేస్తాను? ఈ మాట బావతో అంటే చాలు, నా పాపం కాస్తా కంపెనీ నెత్తికి పోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

కానీ ఆ రోజు నేను కొలవలేదు. గొట్టం పెట్టడం, తొక్కించడం, అంకె చూడటం, ఇదంతా పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆగే ఓపిక ఎవరికీ ఉండదని, గొట్టాన్ని వ్యాను కిటికీకి వేలాడదీసి, ఉత్త గాలిని కొలిచి, దాని మీద బండి నంబరు కొట్టి ఇచ్చేవాణ్ని. అందరూ చేసేదే కదా అని సరిపెట్టుకునేవాణ్ని. కంపెనీ వాడు మాత్రం ఇంకేమనుకుని ఉంటాడు?

కారు కిటికీ దగ్గరికి వెళ్లాను.

"బావా, అప్పుడు నాను కొలవలేదు. గొట్టం గాలిలనే ఉన్నాది. ఉత్త గాలికి నీ కారు నంబరేసి ఇచ్చేను. పొగ లేదని అప్ప గదిముందు నిలబడి అబద్ధవాడేను."

తిడతాడనుకున్నాను. చెంప పగలగొడితే బావుండునని కూడా అనుకున్నాను.

"తెలుసురా," అన్నాడు బావ.

ఇంజను ఆపేశాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"సవితి ముందు పేపరు తీస్తున్నప్పుడు నాను ఈ సీట్లనే ఉన్నాను కదా. కారు ఆపే ఉంది. తాళాలు నా జేబుల ఉన్నాయి. ఆపిన బండికి పొగెలా కొలుస్తావు? నాకా మాత్రం తెలీదేటి?"

"మరి కిటికీ కాడ నన్నెందుకడిగేవు?"

"మిషనాడాల. వైరందదు. ఎవులో ఒకలు పరవాలేదనాలి కదరా. నువ్వన్నావు. నాను నమ్మినట్టు ఊరుకున్నాను. పొడుగు వైరు తేవాలని రోజూ అనుకునీవోణ్ని. తెస్తే నువ్వు సెప్పింది అబద్ధవని ఒప్పుకున్నట్టే, అన్నాళ్లూ పెట్టింది తప్పేనని ఒప్పుకున్నట్టే. అందుకని తేలేదు."

నేను కారు తలుపు పట్టుకుని ఏడ్చాను. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి. బావ ఏడవలేదు. ఉత్తరం తీసుకుని, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు.

"ఆళ్ల మీద నాకేటీ లేదని ఇక్కడ సంతకం పెడితే, నా మీద నాకేటీ లేదని పెట్టినట్టే కదరా. అది నావల్ల కాదు. నెలాఖరు పోతే పోనీ. కారు ఉంటాది. శ్రావణికి కనబడకుండా కొట్టు ఎనకాల పెట్టుకుంటాను."

"మరి పేపరు?"

"తియ్యి. బండి రోడ్డెక్కాలంటే ఉండాలి కదా."

తీసి ఇచ్చాను. బావ దాన్ని మడిచి ఉత్తరంతో పాటు కవరులో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి డబ్బులు తీసి చాపాడు. అక్క పెళ్లయిన నాటినుంచి మా మధ్య ఇలాంటి లెక్కలు లేవు. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"తీసుకో," అన్నాడు. "ఈసారి కొలిసేవు కదా."

తీసుకున్నాను.