చిక్కుడు పందిరికి ఎక్కని కర్ర

ఆ ఇంటి పెరట్లో చిక్కుడు పందిరిని మొదటిసారి చూసినవాళ్లు నవ్వు ఆపుకోలేరు. పందిరికి ఊతంగా పాతినవి మామూలు గుంజలు కావు, గాలపు కర్రలు. నునుపైన పిడులూ తళతళలాడే రింగులూ ఉన్న సొగసైన కర్రలు, నిలువెత్తున రంపంతో కోసినవి. ఇంటి పెద్దాయన పెట్టిన పరీక్షలో తప్పినవన్నమాట.

గాలపు కర్రలు చేయడంలో పెద్దాయన చెయ్యి తిరిగిన మనిషి. ఇంటి ముందుగది కొట్టు, అక్కడ ఆయన కొడుకు కూర్చుంటాడు. వెనకగది పనిశాల, అక్కడ ఆయనా కోడలూ పనిచేస్తారు. ఏ కర్ర తయారైనా ఆయన చేతపట్టి చూసి తీరాలి. నచ్చితే పిడికి కాస్త పైన ఎర్ర దారం చుడతాడు. నచ్చకపోతే మారుమాట లేకుండా రంపం అందుకుంటాడు. తన చేతిలో తయారైనదైనా సరే, మొహమాటం లేదు. ఆ పందిరిని మోస్తున్నవాటిలో ఆయన కర్రలూ ఉన్నాయి.

కోడలి కర్రలకు ఎర్ర దారం కొత్తేమీ కాదు. చిన్న ఎరలు విసిరే కర్రలు ఆమె చేసిందంటే పెద్దాయన రెండోసారి చూడడు. పెద్ద ఎరలు విసిరే కర్ర మాత్రం ఆమెకు కొరకరాని కొయ్యై కూర్చుంది. చిన్న చేపల్ని వేటాడి తినే బాస్ చేప ఒళ్లు చేశాక చిన్నాచితకా ఎరలను లెక్కచేయదు. జానెడు పొడవున్న కొయ్య చేపబొమ్మ ఒళ్లు ఊపుకుంటూ ఎదురొస్తేనే దానికి నోరూరుతుంది. అంత బరువైన బొమ్మను దూరం విసరడం అంత సులువు కాదు. కర్ర మెత్తనిదైతే బొమ్మ బరువుకు వెనక్కి వాలిపోయి మళ్లీ లేవదు. మరీ బిర్రుగా ఉంటే అసలు వంగదు, అప్పుడు చాకిరీ అంతా మనిషి భుజం మీద పడుతుంది. కర్ర వంగాలి, వంగి తానే బొమ్మను ముందుకు తోయాలి.

ఆమె చేసిన మొదటి పెద్ద కర్ర మెత్తదనానికి బలైంది, రెండోది బిర్రుదనానికి. వాటి మీద ఇప్పుడు తీగ దర్జాగా పాకుతోంది. అత్తగారు కాయలు కోసినప్పుడల్లా "నీ కర్రల మీదే బాగా కాస్తున్నాయే" అని మెచ్చుకునేది. పాపం, ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. కోడలికి మాత్రం ఒళ్లంతా కారం రాసినట్టుండేది.

రెండోది కోసేసిన రోజే పెద్దాయన చెప్పేశాడు. "ఇంకొక్కటి చెయ్యి అమ్మాయ్. అదీ కుదరకపోతే పెద్ద కర్రల జోలికి వెళ్లొద్దు. చిన్నవి చక్కగా చేస్తున్నావుగా, అవే చేసుకుందువు."

ఆమె సరేనంది కానీ మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ కర్ర కొట్టు కోసం కాదు, ఆయన కోసం. భుజం నొప్పి మొదలైనప్పటి నుంచి పెద్దాయన తన పాత పెద్ద కర్రను పనిశాల గోడకు తగిలించి చెరువు ముఖం చూడడం మానేశాడు. ఎవరైనా అడిగితే "ఆ సరదా తీరిపోయిందిలే" అనేవాడు. తీరిపోయిన సరదాను ఎవరైనా రోజూ గుడ్డపెట్టి తుడుస్తారా? ఆయన ఆ కర్రను తుడుస్తుంటే చూడలేక కోడలు తల తిప్పుకునేది. ఆయన మళ్లీ చెరువుగట్టున నిలబడాలి, అంతే ఆమె కోరిక. ఈ మాట అత్తగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అందుకే మూడో కర్రకు పిడి బాగా పొడుగు పెట్టింది. కుడిచెయ్యి తోస్తుంటే ఎడమచెయ్యి కింద నుంచి లాగాలి, భుజం ఊరికే చూస్తూ ఉండాలి. కర్ర కింది భాగంలో గాజునార, అదే ఫైబర్‌గ్లాస్, ఇంకో పొర చుట్టి, కొసను సన్నగా గీసింది. ఇంటి వెనక సందులోనే పరీక్షలు. సందు చివర పాత తొట్టి పెట్టి, అందులో పడేలా బొమ్మలు విసిరేది. ఒకసారి ఆ బొమ్మ కొక్కెం అత్తగారు ఆరేసిన దుప్పటిని పట్టుకుని నిలువునా చీల్చింది. ఆ రోజు నుంచి సందులో కొక్కెం కనబడితే ఊరుకునేది లేదని ఆవిడ ఆర్డరు వేసింది. పరీక్ష బొమ్మల కొక్కేలన్నీ ఊడదీసి, వాటి బదులు అంతే బరువు సీసం అతికించారు.

కర్ర సిద్ధమయ్యాక వచ్చిన ఆదివారం పొద్దున ముగ్గురూ చెరువుకు బయల్దేరారు. కోడలి చేతిలో కర్ర, బొమ్మల పెట్టె. అత్తగారి చేతిలో టీ ఫ్లాస్కు, మడత కుర్చీ. పెద్దాయన చేతిలో రంపం లేనందుకు కోడలు కాస్త ఊపిరి పీల్చుకుంది.

గట్టు మీద ఆయన కర్రను ఒక కన్ను మూసి చూశాడు. రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. వేలి మీద నిలబెట్టి తూకం చూశాడు. కొస నేలకు ఆనించి వంచాడు.

"పిడి ఇంత పొడుగేంటి? చీపురనుకున్నావా?"

"రెండు చేతులతో పట్టుకుని చూడండి మామయ్యా."

ఆయన గొణుక్కుంటూ పట్టుకున్నాడు. విసిరాడు. కర్ర ధనుస్సులా వంగి లేచింది. రీలు గిర్రున తిరిగింది. బొమ్మ ఎగిరి ఎగిరి, నీళ్లలో నిలబడ్డ ఎండు మోడును దాటి అవతల పడింది. పెద్దాయన కళ్లు చికిలించి అది పడ్డ చోటు చూశాడు. లాగి మళ్లీ విసిరాడు. ఇంకా పెద్ద బొమ్మ కట్టమన్నాడు. దాన్నీ విసిరాడు. ఒకసారి మోడుకు కుడిపక్క, ఒకసారి ఎడమపక్క, ఎక్కడ పడాలనుకుంటే అక్కడే పడుతోంది.

కోడలు బొమ్మను చూడడం మానేసి ఆయన భుజాన్నే చూస్తోంది. ఆయన ఒక్కసారి కూడా దాన్ని రుద్దుకోలేదు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎండ ముదిరింది.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది" అంది అత్తగారు.

"ఉండవే!"

ఆ మాట నోట్లో ఉండగానే మోడు పక్కన నీళ్లు భళ్లున పగిలాయి. కర్ర పిడి దాకా వంగిపోయింది.

"పట్టింది! బాబోయ్, పెద్దది!" అని పెద్దాయన చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. చేప అటు గుంజింది, ఇటు గుంజింది. కర్ర బెదరలేదు. ఆయన ఓపిగ్గా లాగుతూ గట్టు దాకా తెచ్చాడు. ఇంత లావు వీపు పైకి తేలింది. కోడలు వల పట్టుకుని నీళ్లలోకి దూకినంత పని చేసింది. చేప ఆమెను ఒక చూపు చూసి, తాపీగా నోరు తెరిచింది. బొమ్మ ఛంగున ఎగిరొచ్చి అత్తగారి ఒళ్లో పడింది. చేప తోక ఆడించి వెళ్లిపోయింది.

అత్తగారు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమే, దీనికి కొక్కేలేవి?"

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. బయల్దేరే కంగారులో సందులో వాడే పెట్టెనే పట్టుకొచ్చింది. కొక్కేలన్నీ పనిశాలలో డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

"మామయ్యా, నేను..."

పెద్దాయన వినేలా లేడు. గట్టు మీద బురదలో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "కొక్కెం లేకుండా! అంత దూరం నుంచి! బొమ్మను అతిథిలా గట్టు దాకా సాగనంపి వెళ్లిందే చేప!" అత్తగారు కూడా మొదలెట్టింది. ఇక కోడలు ఆగలేకపోయింది.

కానీ కర్ర సంగతి మాత్రం ఆయన ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి రాగానే "రంపం ఇలా ఇవ్వు అమ్మాయ్" అన్నాడు.

 అంత నవ్వీ చివరికి ఇదా అనుకుంటూ ఆమె రంపం తెచ్చి, కర్ర కూడా చాచింది. ఆయన రంపం ఒక్కటే తీసుకుని పనిశాలలోకి వెళ్లి, గోడ మీది తన పాత కర్రను దింపాడు.

"ఏమండీ, అదెందుకు?" అత్తగారు గాభరాగా అడ్డం వచ్చింది.

"ఇన్నాళ్లూ తప్పు నా భుజానిదనుకున్నానే. కాదు, ఈ కర్రది" అన్నాడాయన. బల్ల మీద పెట్టి, ఎవరి కర్రనైనా కోసినంత శ్రద్ధగా కోశాడు. పెరట్లోకి తీసుకెళ్లి పందిరి కింద, కోడలి రెండు కర్రల మధ్య పాతాడు. వేలాడుతున్న తీగనొకదాన్ని తెచ్చి దానికి చుట్టాడు.

"భుజం ఎలా ఉంది మరి?" అంది అత్తగారు.

"ఏ భుజం?"

తర్వాత ఆయన జేబులోంచి ఎర్ర దారం ఉండ తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఆ దారాన్ని ఇంతవరకు ఆయన తప్ప ఎవరూ చుట్టలేదు.

"నువ్వే చుట్టుకో అమ్మాయ్. పైన వార్నిష్ పూసి పెట్టు, తెల్లారేసరికి ఆరిపోవాలి. రేపు కొక్కేలు మాత్రం నేనే పెడతాను."