రెండు వాకిళ్ల పొట్టేలు

ప్రతి బక్రీద్ నాడూ నమాజు ముగించుకొచ్చాక రసూల్ కత్తి పట్టుకుని పెరట్లో నిలబడతాడు. నిలబడి పక్కింటి మిద్దె కేసి చూస్తాడు. ఆ మిద్దె మీద యాంగ్‌జోమ్ మంత్రాలు చుట్టిన మణి చక్రం తిప్పుతూ ఉంటుంది. ఈ మూగజీవికి వచ్చే జన్మయినా మంచిది దక్కాలని ఆవిడ జపం. జపం అయ్యాక ఆవిడ ఏమీ అనదు, ‘కానీయ్’ అంటే పాపంలో వాటా పుచ్చుకున్నట్టే గదా. మెట్లు దిగి, లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు చప్పుడు చెవిన పడ్డాకే రసూల్ అల్లా పేరు చెప్పి తన పని కానిస్తాడు. ఎన్నో ఏళ్లుగా ఇదే వరస. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడగండి, ఇద్దరూ చెప్పలేరు. పైగా ఇదీ ఒక విషయమేనా అన్నట్టు మనల్నే ఎగాదిగా చూస్తారు.

ఆ ఏడు మాత్రం ఆ తలుపు చప్పుడు వినబడుతుందో లేదో అన్నంత పని జరిగింది. చేసింది మరెవరో కాదు, యాంగ్‌జోమే!

రసూల్ భార్య హజీరా అంటే యాంగ్‌జోమ్‌కి ప్రాణం. ఇద్దరూ సింధు నది ఒడ్డున ఒకే వీధిలో పుట్టారు, బుట్టలు వీపున వేసుకుని కలిసి పిడకలేరారు, పక్కపక్క ఇళ్లకే కోడళ్లుగా వచ్చారు. కాలవ నీళ్ల వంతు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజులున్నాయి. ఆ సాయంత్రమే వెన్న వేసి చిలికిన ఉప్పు టీ ఒకే కెటిల్‌లోంచి తాగిన రోజులూ అవే. యాంగ్‌జోమ్ కాస్త పెద్దది కాబట్టి ఆచే-లే, అంటే అక్కగారు. హజీరా నోమో, చెల్లెలు. మొగుడు రసూల్ కూడా భార్య నోటి వెంట విని యాంగ్‌జోమ్‌ని ఆచే-లే అనే పిలుస్తాడు.

అలాంటి హజీరాకి కడుపునొప్పి మొదలై, లేహ్ ఆసుపత్రికి తీసుకుపోతే పిత్తాశయంలో చీము పట్టిందన్నారు. ఆపరేషన్ తప్పదు, గుండె చూస్తే బలహీనంగా ఉంది, మా ప్రయత్నం మేం చేస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ యాంగ్‌జోమ్‌కి అన్నం సయించలేదు. అది సాగాదావా నెల. బుద్ధుడు పుట్టిన నెల, జ్ఞానం పొందిన నెల, దేహం చాలించిన నెల. ఆ నెలంతా బౌద్ధుల ఇళ్లలో పొయ్యి మీదకి మాంసం ఎక్కదు. ఆ నెలలో చేసిన మంచి ఎన్నో రెట్లవుతుందంటారు. కత్తికి పోయే జీవాన్ని ఒకదాన్ని విడిపించి ఆ పుణ్యం హజీరా ఆయుష్షుకి ధారపోయాలని యాంగ్‌జోమ్ అనుకుంది.

విడిపించడానికి ఇంట్లో పొట్టేలు ఉండనే ఉంది. కిందటేడు ఆవిడ గొర్రె కవల పిల్లల్ని వేసింది. తెల్లటి ఒళ్లు, నల్లటి మొహం, రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. "నీకొకటి, నాకొకటి" అని ఒకదాన్ని హజీరాకి ఇచ్చేసింది. హజీరా దాన్ని పండక్కని చేత్తో మేపింది. బార్లీ నానబెట్టి తినిపించింది, చలికాలం తన పాత శాలువా కప్పింది. యాంగ్‌జోమ్ పొట్టేలు మాత్రం దొరికింది తిని పెరిగింది. దానికి అందరి మీదా కోపమే.

ఆ ఊళ్లో గొర్రెల్ని వంతులవారీగా మేపుతారు. ఈ రోజు ఒక ఇల్లు ఊరి మందంతా తోలుకుపోతే, రేపు మరో ఇల్లు. ఆపరేషన్ నాడు వంతు యాంగ్‌జోమ్‌దే పడింది. మంచిదే అయిందనుకుని లామాని గోన్పా, అంటే బౌద్ధ మఠం, కింది బీడుకే రమ్మని కబురు పెట్టింది. మందలోకి చూసి "రా, రా" అని పిలిచింది. నల్ల మొహం పొట్టేలొకటి పరుగున వచ్చి ఆవిడ అరచేతిలో మూతి పెట్టేసింది. ఎంత ఒడ్డూ పొడుగూ! ఎంత మర్యాద! నా పెంపకమే గదా అని యాంగ్‌జోమ్ మురిసిపోయింది. పండగ పొట్టేలు నుదుటికి గోరింటాకు పెట్టడం హజీరాకి అలవాటు. ఈసారి ఆవిడ ఆసుపత్రిలో ఉండి పెట్టలేదు. యాంగ్‌జోమ్‌కి చూస్తే కళ్లలో శుక్లాలు. శుక్లాల మాటెలా ఉన్నా, గర్వం చేసే పని శుక్లాలు చెయ్యలేవు.

లామా మంత్రాలు చదివాడు. కొమ్ములకు వెన్న రాశాడు. చెవికి సన్నటి రంధ్రం చేసి ఐదు రంగుల పట్టీలు కుట్టాడు. "ఇక దీన్ని ఎవరూ అమ్మరాదు, ఎవరూ కొయ్యరాదు. దీని ఆయువు ఎంతుంటే అంతా దీనిదే" అన్నాడు. "ఆ పుణ్యం హజీరాది" అని యాంగ్‌జోమ్ చేతులు జోడించింది.

పొద్దు వాలుతుండగా మందను తోలుకుని దిగుతుంటే ఫోను మోగింది. రసూల్!

"ఆచే-లే, గండం గడిచింది. కళ్లు తెరిచింది. తెరవగానే నన్ను తిట్టింది."

"ఏమని?"

"గడ్డం గీసుకోకుండా వచ్చానని."

యాంగ్‌జోమ్ అక్కడే బండ మీద కూలబడి, నవ్వుతూనే ఏడ్చింది. ఆ ఆనందంలోనే వీధి మొదట్లోకి వచ్చింది. అక్కడి నుంచి తోలక్కర్లేదు, ఏ గొర్రె ఆ ఇంటికి పోతుంది. రంగు పట్టీలు ఊపుకుంటూ ఆ పొట్టేలు యాంగ్‌జోమ్ వాకిలి దాటింది. ఆగలేదు. తిన్నగా హజీరా వాకిటికి పోయి తలుపుని కొమ్ముతో టకటకా కొట్టింది. దాని వెనకే బక్కచిక్కిన కవల ఒకటి రుసరుసలాడుతూ వచ్చి యాంగ్‌జోమ్ ముంగిట్లో నిలబడింది.

పట్టీలు పడింది హజీరా పొట్టేలుకి!

ముందొచ్చిన బుద్ధి దొంగబుద్ధే, ఎందుకు దాచాలి? రసూల్ ఊళ్లో లేడు. వాళ్ల పశువులకి మేత వేసే హజీరా మరిది కోడలు వచ్చి వెళ్లిపోయింది. చెవి కుట్టు విప్పి రెండో దానికి కుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? యాంగ్‌జోమ్ కత్తెర తెచ్చి హజీరా పొట్టేలు చెవి పట్టుకుంది. అది ఆవిడ చేతిని నాకింది. పొద్దున ఈ చెవికి దారం పడింది, మధ్యాహ్నం అక్కడ హజీరా కళ్లు తెరిచింది. ఇప్పుడీ దారం తెంపితే? కత్తెర ఒళ్లో పెట్టుకుని చీకటిపడే దాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు రసూల్ వచ్చాడు. ఆ మరుసటి రోజు హజీరాని ఇంటికి తీసుకురావాలి, ఆ తెల్లారితే పండగ. యాంగ్‌జోమ్ గోడ దగ్గర నిలబడి ఉంది.

"రసూల్, నీ పొట్టేలు చెవి చూశావా?"

"చూశాను. ఎవరో ఆకతాయి పిల్లలు గుడ్డపీలికలు కట్టారు. పీకేద్దామంటే కుట్టి ఉంది."

"పీకకు! నీకు దండం పెడతాను, పీకకు. నేనే కుట్టించాను."

సంగతి చెప్పింది. రసూల్ మెల్లిగా మెట్టు మీద కూర్చున్నాడు.

"అంటే నా ఖుర్బానీ పొట్టేలుని నువ్వు విడిచిపెట్టేశావు."

"నాదనుకున్నాను."

"ఏడాదిగా గోడ మీంచి చూస్తున్నావు గదా ఆచే-లే!"

"నాదే అంత బాగా పెరిగిందనుకున్నాను."

ఇంకొకప్పుడైతే రసూల్ పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"నాది పట్టుకుపో" అంది యాంగ్‌జోమ్. అన్నాక గానీ ఏమందో తనకే అర్థం కాలేదు. ఇంట్లో పుట్టినదాన్ని, సాగాదావా నెలలో, తన నోటితో తనే కత్తికి అప్పజెప్పింది!

రసూల్ ఆవిడ మొహం చూశాడు. "ఆ మాట వెనక్కి తీసుకో ఆచే-లే. నీ చేత ఆ పని చేయించానని తెలిస్తే మీ చెల్లెలు ముందు నా గొంతు కోస్తుంది" అని లేచి మసీదు పెద్ద ఆకోన్ దగ్గరికి పోయాడు.

సాయంత్రం వచ్చి చెప్పాడు. "ఆకోన్ ఏమీ అనలేదు. ఫలానాదే ఇస్తానని నోటితో మొక్కుకోలేదు గదా, దానికి తీసిపోనిది మరొకటి ఇవ్వొచ్చన్నాడు."

యాంగ్‌జోమ్ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆగు. ఆకోన్ ఒప్పుకుంటే సరిపోయిందా? ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే హజీరా నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? నేను తిరిగొచ్చినా రాకున్నా ఆ పొట్టేలునే ఇవ్వు, ఇష్టమైనది ఇవ్వకపోతే ఇచ్చినట్టే కాదు అంది. అది హజీరా మాట. తేల్చాల్సింది తనే."

ఆ రాత్రి గడవడం యాంగ్‌జోమ్‌కి చావుకొచ్చింది. తన నమ్మకం ప్రకారం ఆ పొట్టేలు తెగితే హజీరా ఆయుష్షు తెగినట్టే. హజీరా నమ్మకం ప్రకారం అది తెగకపోతే చావు అంచున ఇచ్చిన మాట తప్పినట్టే. నువ్వు బతకాలని చేశానే తల్లీ, నీ మాటకే అడ్డం పడ్డాను గదా అని తనలో తనే గొణుక్కుంది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం జీపు వచ్చింది. రసూల్ పట్టుకుంటే హజీరా మెల్లిగా దిగింది, కాగితంలా పాలిపోయి ఉంది. వాకిట్లో పొట్టేలు పరుగున వచ్చి ఆవిడ అరచేతిలో మూతి పెట్టింది. ఐదు రంగుల పట్టీలు ఆవిడ మణికట్టుకి తగిలాయి. దారిలో రసూల్ ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. పిరికివాడు! ఆ పని కూడా యాంగ్‌జోమ్ మీదే వదిలేశాడు.

"ఎవరు కట్టారు?"

"నేనే" అంది యాంగ్‌జోమ్.

"ఎందుకు?"

"నీ కోసమే నోమో. నాదనుకుని కట్టించాను. ఇక నువ్వేం చెయ్యమంటే అది. విప్పమంటే విప్పుతాను."

హజీరా పొట్టేలు చెవి నిమురుతూ మెట్టు మీద కూర్చుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని యాంగ్‌జోమ్ ఒక అడుగు ముందుకేసింది. తీరా చూస్తే అది నవ్వు.

"నవ్వించకండి, కుట్లు ఊడతాయి!" అంది హజీరా కడుపు పట్టుకుని. "బల్ల మీద పడుకుని నేను అల్లాని ఏమడిగానో ఈయనకి చెప్పలేదు. ఇస్తానన్నాను, ఇస్తాను. కానీ దీని మూతి చేతిలో తగిలినప్పుడల్లా ఇవ్వబుద్ధి కావడం లేదు. నా మనసన్నా గట్టి చెయ్యి, లేకపోతే ఏదో ఒక దారి నువ్వే చూపించు అన్నాను."

"మరి నాతో ఇదే ఇవ్వమన్నావు?" అన్నాడు రసూల్.

"మీతో అలాగే అంటారు మరి. మీ ముందు మెత్తబడితే ఇంకేమన్నా ఉందా?" హజీరా పట్టీల్ని ఒక్కొక్కటే వేలితో సర్దింది. "ఇబ్రహీం కొడుకుని ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. తీరా కత్తి ఎత్తాక, వాణ్ణి నువ్వే ఉంచుకో అని అల్లా వాడి బదులు పొట్టేలుని పంపాడు. ఈ పండగంతా అందుకే గదా. నేనూ సిద్ధపడ్డాను. నాకు ఆచే-లేని పంపాడు. కళ్లు కనపడని ఆచే-లేని!"

"కనపడతాయే!" అంది యాంగ్‌జోమ్ ఏడుస్తూ.

"ఆ, కనపడుతూనే ఉన్నాయి. రసూల్ సాబ్, ఇక చూస్తారేం? పోయి చాంగ్‌పా కాపరుల దగ్గర మంచి పొట్టేలుని తీసుకురండి. సన్నదీ కుంటిదీ తెచ్చారంటే ఊరుకోను."

ఆ సాయంత్రం రసూల్ బూడిదరంగు పొట్టేలుని ట్రక్కులోంచి దింపాడు. హజీరా పొట్టేలుకి తీసిపోయేది కాదు. యాంగ్‌జోమ్ గోడ మీంచి దాన్ని చూసింది. కొత్త చోటు కదా, నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి. అప్పటిదాకా ఉన్న సంతోషం చప్పున చల్లారిపోయింది. ఒకదాన్ని విడిపించి ఇంకొకదాన్ని తెచ్చింది తనే గదా! ఇది కూడా ఏదో ఒక జన్మలో తనకి పాలిచ్చిన తల్లే. దీని చెవికి ఎవరు కడతారు పట్టీలు?

పండగ పొద్దున నమాజు అయింది. చుట్టాలొచ్చారు. రసూల్ కత్తి పట్టుకుని మిద్దె కేసి చూశాడు. మిద్దె ఖాళీ. కాసేపు చూశాడు. తమ్ముడొకడు "అన్నా, ఎండెక్కుతోంది" అన్నాడు. రసూల్ వాడి కేసి చూసిన చూపుకి వాడు మళ్లీ నోరెత్తలేదు.

హజీరా గోడ పక్కన మంచం మీద ఉంది. గోడకి ఆనుకుని పిలిచింది.

"ఆచే-లే! చక్రం పోగొట్టుకున్నావా?"

గోడ అవతల నుంచి జవాబొచ్చింది. "ఏ మొహం పెట్టుకుని జపం చెయ్యనే? దాన్ని నేను విడిచిపెట్టాను కాబట్టే ఇది వచ్చింది."

హజీరా మెల్లిగా అంది.

"అందుకే మరి. దీనికి నువ్వు తప్ప ఇంకెవరున్నారు?"

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. యాంగ్‌జోమ్ మిద్దె ఎక్కి, బూడిదరంగు పొట్టేలు కేసి తిరిగి చక్రం తిప్పింది. ఎప్పుడూ చేసేదానికంటే చాలాసేపు చేసింది. ఎండ గోడ దిగింది. పిల్లలు ఆకలని అమ్మల కొంగులు లాగారు. ఒక్క పెద్దవాడూ పెదవి విప్పలేదు. రసూల్ ఆ పొట్టేలు మెడ నిమురుతూ కూర్చున్నాడు. దాని వణుకు తగ్గింది.

ఆ తర్వాత యాంగ్‌జోమ్ మెట్లు దిగింది. తలుపు చప్పుడు వినబడింది.

మధ్యాహ్నం యాంగ్‌జోమ్ ఇంటికి పళ్లెం వచ్చింది. సాగాదావా నెల గదా, మాంసం తగలని కొత్త గిన్నెలో వండించిన కుంకుమపువ్వు అన్నం, పైన ఎండు ఖుబానీ పళ్లు. పళ్లెం తెచ్చింది హజీరాయే. ఒళ్లు తూలుతున్నా ఎవరినీ పట్టుకోనివ్వలేదు. ఆవిడ వెనకే పొట్టేలూ వచ్చింది. చెవికి ఐదు రంగుల పట్టీలు, నుదుట అప్పుడే పెట్టిన ఎర్రటి గోరింటాకు.

"దీనికెందుకే ఇప్పుడు గోరింటాకు?" అంది యాంగ్‌జోమ్.

"పండగ దానిది కాదూ? ఇంకో సంగతి, ఇక నుంచీ నువ్వు మళ్లీ పొరబడకుండా ఉంటావు."

ఇద్దరూ గడప మీద కూర్చుని ఒకే పళ్లెంలో తిన్నారు. పొట్టేలు ఇద్దరి మధ్యా మూతి దూర్చి ఖుబానీలు ఏరుకుంది. రెండోది గోడ దగ్గర నిలబడి అందరి కేసీ గుర్రుగా చూస్తోంది. యాంగ్‌జోమ్ లేచి, తన వంతు అన్నం దాని ముందు పెట్టింది.