గీత పడకుండా

మూడో కారు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, తోమాసు అంచుల్లో ఇరుక్కున్న మట్టిని వేలితో గీరి తీస్తున్నాడు. పైపుతో జోరుగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది. లోపలి అంచున చిటికెడు మిగులుతుంది. ఆ చిటికెడు ఎవరూ చూడరు. తోమాసుకు మాత్రం అది కంట్లో నలుసు. వరికోతల కాలం కావడంతో సుల్తానాబాద్ మీదుగా పోయే ప్రతి బండికీ పొలం మట్టి అంటుకునే ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి వంగిన నడుము ఎప్పుడు లేస్తుందో చెప్పలేం.

అతనికి అరవై రెండేళ్లు. సన్నటి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, రోజంతా నీళ్లలో నాని తెల్లగా ముడుచుకుపోయిన పాదాలు. కుడిచేతి మధ్యవేలి మీద ఒక కాయ ఉంది. అది బ్రష్షు పట్టిన కాయ. బ్రష్షు వదిలి పదకొండేళ్లయినా అది పోలేదు. ఒకప్పుడు ఇక్కణ్నుంచి జమ్మికుంట దాకా కిరాణా కొట్ల బోర్డులు, విత్తనాల కంపెనీల గోడలు, ట్రాక్టర్ల వెనక పిల్లల పేర్లు అతను రాసినవే. చర్చి వెనక సమాధుల తోటలో సిలువల మీది పేర్లూ అతను రాసినవే. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. రాసే చేతులు కడిగే చేతులయ్యాయి.

ఏ మాటైనా ఒక్కసారి అనడం, ఎదుటివాళ్లు వినకపోతే ఊరుకోవడం తోమాసు పద్ధతి. కొడుకు అనిల్ కుమార్ చదువు మానేస్తానన్నప్పుడు వద్దని ఒకసారి అన్నాడు. భార్య ఎలీసబెతుకు దగ్గు తగ్గనప్పుడు కరీంనగర్ పెద్దాసుపత్రికి పోదామని ఒకసారి అన్నాడు. "గీ దగ్గుకే కరీంనగర్ దాకనా?" అందామె. ఊరుకున్నాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది. అలా ఊరుకున్న సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అతనికి అన్నం దిగదు.

పది దాటాక తెల్లకారు ఒకటి షెడ్డులోకి వచ్చింది. దిగిన మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. నిద్రలేని కళ్లు, ఇస్త్రీ చొక్కా. పేరు సదానందమని అడగక్కర్లేకుండానే తెలిసింది, ఎందుకంటే డిక్కీ మీద నల్లటి మార్కర్‌తో జానెడెత్తు అక్షరాల్లో అదే రాసి ఉంది.

"గిది పోవాలె కాకా," అన్నాడు సదానందం. "గీత వడొద్దు, రంగు పోవద్దు. మూడింటికి సారును ఎక్కించుకోవాలె."

కారు అతని సొంతం. ఆర్నెల్లుగా ఒక ఆఫీసుకు కిరాయికి తిప్పుతున్నాడు, ఇల్లంతా దాని మీదే బతుకుతోంది. పాత సారు ఏమీ అనలేదు. పోయిన వారం వచ్చిన కొత్త సారు డిక్కీ చూసి, ఈ రాతలతో బండి ఆఫీసు ముందు నిలబెట్టొద్దన్నాడు. ఇవాళ మూడింటికల్లా ఆ రాతలు పోకపోతే వేరే బండి మాట్లాడుకుంటామన్నాడు.

"థిన్నర్ పోసి ఒక్కటి గుంజు పెయింటర్ సాబ్, అయిదు నిమిషాల పని," అన్నాడు షెడ్డు యజమాని రాకేశ్, కుర్చీలోంచి లేవకుండానే. తోమాసును అతను అలాగే పిలుస్తాడు. అందులో కొంత ఎగతాళి, కొంత ప్రేమ.

"థిన్నర్ పోస్తే మార్కర్‌తోపాటు పైపొర గూడ లేస్తది," అన్నాడు తోమాసు. వంగి అక్షరాలను చూశాడు. ముప్పై ఏళ్లు అక్షరాలు రాసినవాడు కదా, రాసిన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో అతనికి కనిపిస్తుంది. 'స' మీది తలకట్టు విడిగా, పైకి లేచి ఉంది. 'దా' దీర్ఘం ఆలస్యంగా గుర్తొచ్చి తగిలించినట్టుంది. వరస ఎడమ నుంచి కుడికి దిగుతూ పోయింది. చివరి సున్నా మాత్రం అన్నిటికన్నా పెద్దది, దాన్ని రెండుసార్లు తిప్పి మరీ రాశారు.

"ఎవరు రాసిండ్రు?"

"మా అవ్వ." సదానందం నవ్వబోయి ఆగాడు. "వడ్లు కొనే సెంటర్ల బస్తాలు కుడ్తది. కలిసిపోవద్దని బస్తాల మీద రైతు పేరు రాస్తరు గద కాకా. కారు తెచ్చిన దినం మేమంత అన్నం తింటున్నం. గీమె సెంటర్ల మార్కర్ తెచ్చి డిక్కీ మీద నా పేరు రాసింది. ఏందవ్వా గిది అంటే, పేరున్న బస్తాను ఎవ్వలు ముట్టరు కొడుకా అన్నది."

"సదువస్తదా?"

"ఏం రాదు. నా పేరొక్కటే వస్తది. సెంటర్ల లెక్కరాసే పిల్ల నేర్పింది."

ఆ తల్లి పేరు పోశవ్వ. వడ్ల దుమ్ముకు ఊపిరాడక ఎనిమిది రోజులుగా కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది. కూతురు నవత దగ్గరుండి చూసుకుంటోంది. నిన్నటి నుంచి నయమేనని, ఎల్లుండి ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పారట. ఇదంతా సదానందం చేతిలో ఫోను తిప్పుకుంటూ చెప్పాడు.

తోమాసుకు ఇంట్లో బియ్యం డబ్బా గుర్తొచ్చింది. దాని మీద ఎలీసబెతు సుద్దముక్కతో 'బియ్యం' అని రాసింది. డబ్బాలో బియ్యం ఉంటాయని తెలియక కాదు, కొత్తగా నేర్చుకున్న అక్షరాలు ఎక్కడో ఒకచోట రాయాలని. ఆమె పోయిన నెలకు కోడలు స్తుతి ఇల్లంతా సర్దుతూ ఆ డబ్బాను తళతళలాడేలా తోమింది. మంచి పిల్ల. శుభ్రంగా ఉండాలనుకుంది, అంతే. తోమాసు ఆమెను ఏమీ అనలేదు.

"తుడిచేముందు ఒక ఫోటో తీసుకో బిడ్డా," అన్నాడు.

"ఎందుకు కాకా? ఇంటికొస్తే మల్ల ఏడనో ఓకాడ రాస్తనే ఉంటది. గోడల మీద గూడ రాసింది, మొన్న సున్నమేపిచ్చిన."

తోమాసు ఊరుకున్నాడు.

కారును నీడలోకి తోయించి, రేకు చల్లబడేదాకా ఆగాడు. వేడి రేకు మీద మందు పెడితే మరక పడుతుంది. ఈలోగా షాంపూ నీళ్లతో డిక్కీ కడిగాడు. ఇసుక రేణువు ఒక్కటున్నా గుడ్డ కింద అదే బ్లేడవుతుంది. మెడికల్ షాపు నుంచి తెప్పించిన స్పిరిటులో సగం నీళ్లు కలిపి, ముందుగా తలుపు కింద ఎవరికీ కనబడని చోట ఒక చుక్క పెట్టి చూశాడు. రంగు గుడ్డకు అంటలేదు. అప్పుడు పాత తెల్ల బనీను చింపి, నాలుగు మడతలు పెట్టి, తడిపి, 'స' మీద ఊరికే అదిమి పట్టుకున్నాడు. రుద్దలేదు. నొక్కితే గీత పడుతుంది, తొందరపడితే సిరా పక్కకు పాకుతుంది. పదిహేను లెక్కపెట్టి తీశాడు. సగం అక్షరం గుడ్డలోకి వచ్చేసింది. మడత తిప్పి, శుభ్రమైన వైపుతో మళ్లీ అదిమాడు.

పదకొండింటికి ఫోను మోగింది. నవత. అవ్వ అన్నను అడుగుతోందట. "మూడింటి డ్యూటీ అయినంక వస్త అని చెప్పు. సారును దించి సీదా వస్త," అన్నాడు సదానందం. తర్వాత షెడ్డు పక్కన నులకమంచం మీద ఒరిగి, చెయ్యి కళ్ల మీద పెట్టుకుని నిద్రపోయాడు.

ఇక తోమాసుకు లోకం తెలియలేదు. ఎన్నాళ్లకో చేతికి తగిన పని దొరికింది. మట్టి కడగడం ఎవరైనా చేస్తారు, ఇది అలా కాదు. 'దా' పోయింది, 'నం' పోయింది. 'దం' దగ్గర సిరా మొండికేసింది. ఆర్నెల్ల ఎండకు అక్షరం లోపలికి దిగి, నల్లదనం పోయినా పసుపుపచ్చగా నీడ మిగిలింది. ఏటవాలుగా చూస్తే పేరంతా ఇంకా చదవొచ్చు. అలాగే వదిలేస్తే సారు కంటికి కనబడుతుందా? కనబడకపోవచ్చు. కానీ తోమాసు కంటికి కనబడుతుంది కదా. సన్న పాలిష్ బఠాణీగింజంత తీసుకుని, వేలికి గుడ్డ చుట్టి, చిన్న చిన్న చుట్లుగా తిప్పుతూ, మధ్యమధ్య తుడిచి చూస్తూ, ఆ నీడను కూడా తీశాడు. పెద్ద సున్నా దగ్గర రెండింతల సేపు పట్టింది, రెండుసార్లు తిప్పి రాసింది కాబట్టి. చివర మైనం పట్టించాడు. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఒంటిగంటన్నరకు లేచి నడుము పట్టుకుని చూస్తే, డిక్కీలో రోడ్డు మీది లారీలు కనిపించాయి. గర్వపడ్డాడు. చాలా ఏళ్ల తర్వాత గర్వపడ్డాడు.

సదానందం లేచి వచ్చి అరచేత్తో తడిమాడు. వంగి చూశాడు, కూర్చుని చూశాడు. "అరే, జాడే లేదు కాకా." మొహం వెలిగింది. ఫోటో తీసి ఆఫీసు గుమాస్తాకు పంపాడు. రాకేశ్ కూడా కుర్చీలోంచి లేచి వచ్చి, "పెయింటర్ సాబ్ అంటె ఉత్తగనా," అన్నాడు.

అప్పుడే ఫోను మళ్లీ మోగింది. నవత పేరు చూసి, "ఆఁ, అయిపోయింది, బయలెల్లుతున్న," అంటూ ఎత్తాడు. అవతలి మాట విన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాడు. అవతల ఏడుపు తోమాసు దాకా వినిపించింది. ఎప్పుడని సదానందం అడిగాడు. ఇప్పుడే, అన్నంలోకి చారు పోస్తుండగా, అని నవత చెప్పింది. అతను ఫోను జేబులో పెట్టుకోబోతే అది కింద పడింది. రాకేశ్ తీసి ఇచ్చాడు.

కొంతసేపటికి సదానందం కారు వెనక్కి వచ్చాడు. డిక్కీ మీద చెయ్యి పెట్టి, అక్కడ కాదన్నట్టు జరిపి, మళ్లీ జరిపాడు.

"కాకా, ఏడుండె గిది?"

తోమాసు వేలు పెట్టి చూపించాడు. 'స' ఇక్కడ. తలకట్టు ఇక్కడ. సున్నా ఇక్కడిదాకా. వేలి కింద మెరిసే తెల్లరంగు తప్ప ఏమీ లేదు.

"నువ్వు పెయింటరువట గదా," అన్నాడు సదానందం. "మల్ల రాస్తవా? గట్లనే? సారు ఏమన్నంటే అననియ్."

కారు తాళాలకు నంబర్లు రాసే మార్కర్ రాకేశ్ బల్ల మీద ఉంది. తోమాసు దాన్ని తీసుకుని, ముందు ఒక అట్టముక్క మీద రాసి చూశాడు. 'స' నిటారుగా, నిండుగా, తలకట్టు సరిగ్గా కూర్చుని వచ్చింది. కిరాణా కొట్టు బోర్డులా ఉంది. రెండోసారి కావాలని వంకర తిప్పాడు. అది ఆ తల్లిని వెక్కిరించినట్టుంది. ప్రతి గీతా అతనికి గుర్తే. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ భయపడిందో అన్నీ గుర్తే. ఆ భయం తన చేతికి రాదు. మూడోసారి మార్కర్ ఎత్తి, రాయకుండానే దించేశాడు. పొద్దున ఫోటో మాట ఇంకొక్కసారి, గట్టిగా, ఎందుకు అనలేకపోయానని అతనికి తన మీద తనకే అసహ్యమేసింది.

"నా చేతికి వస్తలేదు బిడ్డా."

సదానందం తలూపాడు. కోపం లేదు, అదే మరీ బాధ. కారెక్కి, ఆఫీసు వైపు కాకుండా కరీంనగర్ వైపు తిప్పాడు. మలుపు దాకా తెల్ల డిక్కీ మెరుస్తూ కనిపించింది, దాని మీద గీత లేదు.

రాకేశ్ తర్వాతి బండికి సైగ చేశాడు. తోమాసు బకెట్టు ఎత్తబోతే అడుగున బనీను గుడ్డ కనిపించింది. పిండబోయి ఆగి, పిండకుండానే పైకి తీసి, షెడ్డు వెనక తీగ మీద వేశాడు.

సాయంత్రం అతను ఇంటికి పోయేటప్పటికి అది ఆరి గట్టిపడింది. మడత మడతకూ ఒక నల్లటి మరక, ఒకటి మాత్రం మిగతావాటికన్నా పెద్దది, గుండ్రంగా.