నక్క ఆగిన గడప

తెల్లారి కొళాయి కాడ బిందెలు వరసలో పెట్టి ఇంటికొచ్చిన గంగమ్మకు వాకిట్లో ఎర్రగుర్రం కనబడింది.

"నేత్రా, లేయమ్మా! ఈసారి గుర్రం మనింటికొచ్చుండాది."

బంగారు మైన్స్ మూతపడి, దొరలు పోయినా, ఏటా ముసురు వెలిసిన మొదటి తెల్లారి వాళ్ళ గుర్రాలు, వేటకుక్కలు పాత గని షాఫ్టులోంచి పైకొచ్చేది మాత్రం మానలేదు. గుర్రం ఆగిన ఇంట్లో ఒకరు నక్కవేటకు పోవాల, అతిథిగా. కాదంటే మర్యాద కాదు.

నేత్ర దుప్పటి మొగం మీదికి లాక్కునింది. వేటలో నక్క యాడికి పరిగెత్తుతుందో ఊర్లో అందరికీ తెలుసు. అతిథి ఎవురికి అన్యాయం చేసుంటే వాళ్ళ గడపకే.

"ఇంటర్వ్యూ ఉండాది కదమ్మా. రైలు తప్పిపోతుంది."

"గుర్రం మీదే స్టేషన్‌కి పోదువులే. తప్పు చేసినదాని మాదిరి ఆ భయమేందే? ఇను. ముందరుండే ఖాళీ జీను గుర్రం దొరది, దాన్ని దాటొద్దు. నక్క కనబడితే అరవొద్దు. గుర్రం మోకాళ్ళేసిందంటే దిగేయాల. ఇంగ అది ఎవర్ని ఎక్కించుకుంటే వాళ్ళది."

నిన్న సాయంత్రం బెంగళూరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేస్తం శశికళ, తన ఫోన్ చెడిపోయి, అప్లికేషన్లో నేత్ర నంబరే ఇచ్చుండాది. "ఆమెను కూడా రమ్మనండి," అన్నాడు ఆఫీసాయన. "చెప్తాను సార్," అనింది నేత్ర. ఉండేది ఒకే పోస్టు.

తర్వాత శశికళే వచ్చింది. "నాకేమన్నా ఫోన్ వచ్చిందా పాపా?"

"లేదే," అనింది నేత్ర, తల దువ్వుకుంటా.

"పోన్లే. నా నీలం చున్నీ వేసుకోని పో. నీకు బాగుంటాది."

ఆ చున్నీతోనే ఇప్పుడు గుర్రమెక్కింది. మైన్స్ మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కన పాల మునేష్ బైకు ఆపి, "గెస్టా పాపా? గట్టిగా పట్టుకో, పడితే పాలు పోసేదానికి నేను రాను!" అని నవ్వినాడు.

దిబ్బ మీద నక్క లేచింది. కుక్కలు దాని ఎనకాల పడినాయి. నేత్ర కళ్ళెం పట్టుకోని మారికుప్పం స్టేషన్ పక్కకు లాగింది. గుర్రం వినలేదు. నక్క దిబ్బ దిగి, మైన్స్ కూలోళ్ళ లైన్ ఇండ్ల సందులో దూరి, శశికళ గడప మీద కూర్చునింది.

కుక్కలు నోరు మూసుకోని పడుకున్నాయి. గుర్రం మోకాళ్ళేసింది. నేత్ర దిగింది.

శశికళ పండ్లు తోముకుంటా బయటికొచ్చింది. నక్కను చూసింది. నేత్రను చూసింది. నురుగు ఉమ్మేసి, "ఎన్ని గంటలకి రమ్మన్నారు?" అనింది.

"పదకొండుకి. ఇద్దర్నీ."

తిట్టలేదు. తిట్టుంటే బాగుండు. లోపలికి పోయి మొగం కడుక్కోని, ఫైలు తెచ్చుకునింది. నేత్ర చున్నీ తీసి చాపింది. శశికళ తీసుకునింది, కండ్లలోకి మాత్రం చూడలేదు. ఆమె ఎక్కినాకే గుర్రం పైకి లేచి, స్టేషన్ దావ పట్టింది.

మారికుప్పం దాకా నడిస్తే రైలు అందదు. నేత్ర గడప మీద నక్క పక్కనే కూర్చునింది.

దూరంగా రైలు కూత. కాసేపటికి చేతిలో ఫోన్ మోగింది. నిన్నటి నంబరే.

"శశికళగారా? బయల్దేరినారా?"

"రైలెక్కింది సార్."

"మరి నేత్ర?"

నక్క ఆమె పాదం మీద గడ్డం ఆనించి కండ్లు మూసుకునింది.

"నడిచొస్తా ఉండాది సార్. ఆమెకు లేటవుతుంది."