మేడే నాడు రాని మెయిల్

భూమిక పేరుతో, భూమిక మెయిల్ నుంచే, ఎవరో రోజూ పొద్దున్నే అమెరికా కాలేజీకి ఉత్తరాలు పంపుతున్నారు. వాటిలో ఒక్కటి కూడా భూమిక రాయలేదు.

ఆ సంగతి కాలేజీ వాళ్లు చెబితేనే ఆమెకు తెలిసింది. అడ్మిషన్ల ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్ మర్యాదగానే ఉంది. 'మీ ఆసక్తికి సంతోషం. కానీ రోజూ రాయనక్కర్లేదు. ఇవి మీరే పంపుతున్నారా, మీ తరఫున ఇంకెవరైనానా? ఈ వారంలోగా తెలియజేయండి.'

భూమిక ఆ మెయిల్‌ను మళ్లీ మొదటి నుంచి చదివింది.

వందమంది దరఖాస్తు పెడితే నలుగురైదుగురికి సీటిచ్చే కాలేజీ అది. మార్చి చివర్లో ఆమెను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెయిట్‌లిస్టులో పెట్టారు. సీటొచ్చిన వాళ్లలో ఎవరైనా వదులుకుంటే పిలుస్తారు. ఇంకో రాష్ట్రంలో ఒక చిన్న కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలిచింది, ఆమె సరేనంది. మనసు మాత్రం ఇంకా దీని మీదే ఉంది.

ఇప్పుడు ఏమని జవాబివ్వాలి? 'నావే' అంటే అబద్ధం. 'నావి కావు' అంటే, ఈ అమ్మాయి పేరుతో ఇంకెవరో రాస్తారన్నమాట అనుకుంటారు. మరి దరఖాస్తులోని వ్యాసాలు ఎవరు రాశారంటారు? సీటు సంగతి తర్వాత, ముందు పరువు పోతుంది.

పంపిన మెయిళ్లు వెతికింది. లేవు. చెత్తబుట్ట కూడా ఖాళీ. దొంగ జాడలు తుడిచేసి పోయాడు.

పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఆమె కాక ఇంకొకరే ఉన్నారు. దీపిక.

ఇద్దరిదీ శ్రీరాంపూర్ కాలనీలో ఒకటే లైను, ఇద్దరూ కలిసే దరఖాస్తులు నింపారు. దీపికకు ఈ కాలేజీ మొహం మీదే లేదని చెప్పింది. కడుపు మండి ఉంటుందా? భూమికకు ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది. అయినా మార్కెట్ దగ్గర సోడా బండి కాడికి రమ్మని ఫోన్ చేసింది.

దీపిక గోలీసోడా పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? వాళ్లు గూడ ఎల్లగొట్టిండ్రా? ఫికర్ చెయ్యకు. మా యాదవ్వ అమ్మమ్మ కోళ్లకు నన్ను ఎల్లగొట్టిన కాలేజీల పేర్లు పెట్టిన. మొన్న ఐతారం ఒకదాన్ని కోసుకుని తిన్నం. పానం నిమ్మలమైంది."

"దీపీ, నిజం చెప్పు. నా మెయిల్ తెరిచినవా?"

దీపిక నవ్వు ఆగింది. భూమిక ఫోన్ చేతికిచ్చింది. కాలేజీ వాళ్లు తమకు వచ్చిన పాత మెయిళ్లన్నీ తేదీలతో సహా కింద అతికించారు. దీపిక ఒకటి చదివింది, మళ్లీ పెద్దగా నవ్వింది.

"అంటే నన్నే దొంగను చేసినవ్! మంచిది తల్లీ. కని నేను రాస్తే గింత ఆగమాగం ఇంగ్లీషు రాస్తనా? ఇను, తెలుగుల జెప్త. 'గౌరవనీయులైన సార్, ఈ రోజు కూడా భూమిక హాజరు. ఎవరైనా రాకపోతే పిలవగలరు.' గింతే. రోజు గిదే. ఎవ్వలే వీడు?"

"మరి నువ్వు గాకుంటే..."

"ఆగు." దీపిక తేదీల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. ఆమెకు లెక్కలంటే పిచ్చి, కరీంనగర్‌లో డిగ్రీకి కూడా అవే తీసుకుంటోంది. "ఐతారం నాడు ఒక్కటి గూడ లేదు. సూసినవా? దొంగకు వారానికో రోజు సెలవట!"

"ఇంకా?"

"ఇగో, ఐతారం గాకుండ ఒక్క దినమే తప్పింది. మే ఒకటి." దీపిక సోడా సీసా బండి మీద పెట్టింది. "మేడే! ఓసి పిల్లా, నీ దొంగ యూనియన్ మనిషే!"

'హాజరు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది భూమిక చూపు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు పొద్దున్నే చెప్పే మాట అది. అనుమానించాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ మనిషికి మెయిల్ అంటే ఏమిటో తెలుసని కూడా ఆమె ఏనాడూ అనుకోలేదు.

"సారీనే," అంది దీపికతో.

"సారీ ఎవలకు గావాలె? సోడా పైసలు నువ్వియ్యి."

భూమిక తండ్రి రాజేశం మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్నాడు. బొగ్గుబాయిలో సర్దార్ ఆయన. ఒక జట్టు కార్మికులను కిందికి తీసుకెళ్లి, క్షేమంగా పైకి తెచ్చే పని. అలాంటి మనిషిని నేరుగా అడిగితే నోరు విప్పడని భూమికకు తెలుసు. జొన్నరొట్టె వేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"బాపూ, మేడే నాడు ఎందుకు రాయలే?"

"గానాడు బాయి బంద్ గదనే," అన్నాడు రాజేశం, ముక్క తుంచుతూ.

తుంచిన ముక్క నోటిదాకా వచ్చి ఆగింది.

వంటింట్లోంచి భూమిక తల్లి జ్యోతిరాణి తొంగిచూసింది. "దొరికిండా? నేను అనుకుంటనే ఉన్న. రోజు పొద్దుగాల ఆకిట్ల నిలబడి ఫోన్‌తోని ముచ్చట వెడుతుండు. ఎవ్వలతోనయ్యా అంటే యూనియన్ పని అంటుండు!"

"నువ్వు జర ఊకో!"

"బాపూ, రోజు హాజరేయించుకునెటందుకు గది మస్టర్ రూమ్ గాదు!" భూమిక రొట్టెల గిన్నె కింద పెట్టేసింది. "గిట్ల రాస్తే నా దరఖాస్తంతా ఎవలో రాసిండ్రనుకుంటరు. నా పేరు ఖరాబైతది."

రాజేశం కంచం పక్కకు జరిపాడు. బిడ్డ మొహం చూశాడు. బాయిలో పైకప్పు పెళపెళమన్నప్పుడు కూడా ఆయన మొహంలో అంత భయం ఎవరూ చూసి ఉండరు.

"అయితే నీది తప్పు లేదని నేనే చెప్త," అన్నాడు. "నువ్వు రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె. మంచిగ చేస్తననుకుంట ఒక్క ముక్క మార్చకు."

ఆ సాయంత్రం కాలేజీకి జవాబు వెళ్లింది. రెండో రోజే అక్కడి ఆఫీసర్ తిరిగి రాసింది: దరఖాస్తు మీద ఏ అనుమానమూ లేదు, నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు, మీ నాన్నగారి ఉత్తరం మా ఆఫీసులో అందరం చదువుకున్నాం. జూన్‌లో వెయిట్‌లిస్టు మూసేశారు, సీటు రాలేదు. భూమిక ఒక పూట ఏడ్చింది. మర్నాడు దీపికను వెంటేసుకుని మంచిర్యాలకు సూట్‌కేసు కొనడానికి పోయింది. ఆగస్టులో చిన్న కాలేజీకే వెళ్తోంది. కొత్త కోడిపిల్లకు ఏ కాలేజీ పేరు పెట్టాలో ఇద్దరూ కలిసే నిర్ణయించారు.

ఆ సాయంత్రం కాలేజీకి వెళ్లిన జవాబులో మొదటి వాక్యం మాత్రమే భూమికది: 'ఆ మెయిళ్లు నావి కావు, మా నాన్నవి, ఆయన మాటలు ఆయనవిగానే ఇంగ్లీషులోకి మార్చి పంపుతున్నాను.' మిగతాది రాజేశం కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పింది.

"మేడమ్, నమస్తే. నేను రాజేశంను. గా మెయిళ్లు పంపింది నేనే. మా బిడ్డకు తెల్వది. దాని ఫోన్ ఖరాబైన నాడు నా ఫోన్ల మెయిల్ తెరిచింది, మళ్ల మూయలే. ఫోన్ల తెలుగుల మాట్లాడితే అదే ఇంగ్లీషుల రాస్తది. పంపినంక చెత్తబుట్టల గూడ లేకుండ చెరిపేస్తుంటి, సూస్తే కొట్లాడతదని.

వెయిట్‌లిస్ట్ అంటే ఏందే అని నేను అడిగిన. ఎవలన్న రాకుంటే పిలుస్తరు బాపూ అన్నది. గది నాకు తెల్వంది గాదు. బాయి పనిల చేరిన కొత్తల నేను బదిలీ కార్మికున్ని. పర్మనెంటోడు రాకుంటే వాని జాగల మమ్ముల దింపుతుండె. లక్సెట్టిపేట కెల్లి మొదటి బస్సుకు వచ్చి మస్టర్ కాడ నిలబడేటోన్ని. పని దొరికినా నిలబడాలె, దొరకకున్నా నిలబడాలె. కనబడనోన్ని ఎవలు పిలుస్తరు? మా బిడ్డేమో మీకు ఒక్క ఉత్తరం రాసి ఇంట్ల కూసున్నది. నాకు పానం ఆగలే. అంత దూరం అది వచ్చి నిలబడలేదు గదా, దాని దిక్కెల్లి నేను నిలబడ్డ. రోజు నా మస్టర్ కన్న ముందు దానిది వేసిన.

వ్యాసాలు మాత్రం అదే రాసింది మేడమ్. నాకు గట్ల రాయొస్తే మీకు గసొంటి ఇంగ్లీషు పంపుతనా? శిక్ష వేస్తే నాకు వెయ్యుండ్రి. సీటు ఇచ్చుడు, ఇయ్యకపోవుడు మీ ఇష్టం. ఇంకో కాలేజోళ్లు దాన్ని మంచిగ పిలిచిండ్రు, పోతది. మీరు వద్దన్నరు గావట్టి రేపటి సంది రాయ. కని ఒక్కటి మీకాడ దాచిపెట్ట. పొద్దుగాల దాని పేరు చెప్పి, పంపి, బాయిల దిగుతుంటే నాకు శాన మంచిగ అనిపిచ్చింది."